ఓటు పెట్టె దగ్గర కూర్చోవాలంటే భయమేస్తోంది

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో చిన్న పంచాయతీ. నాకు 36 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, డ్వాక్రా సంఘంలో సభ్యురాలిని. ఈసారి మా ఊరి సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వ్ అవుతుందంటున్నారు. ఊరి పెద్దలు అప్పుడే ఒక పేరు అనుకుని ఏకగ్రీవం చేద్దామంటున్నారు. మా పేటలో ఒక అక్క మాత్రం పోటీ చేసి తీరతానంటోంది. పోలింగ్ కేంద్రంలో తన తరఫున చూసుకునే పోలింగ్ ఏజెంటుగా కూర్చోమని నన్ను అడిగింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. మా మామయ్య ‘మనకెందుకమ్మా ఈ గొడవలు, తెల్లారితే వాళ్ల ముఖాలే చూడాలి’ అంటున్నారు. నేను ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాను. విశ్వాసం ఉన్నవాళ్లకు భయం ఉండదని మా పాస్టర్ గారు చెబుతుంటారు. మరి నాకు విశ్వాసం లేనట్టేనా? ఇంకో సంగతి. అక్క తరఫున కూడా కొందరు డబ్బు పంచుతారని వింటున్నాను. అదే నిజమైతే నేను కూర్చుని ఏం లాభం?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు మీ మామయ్యగారి మాట చూద్దాం. మీ భయమంతా అందులోనే ఉంది. ఆయన్ని పిరికివాడని అనుకోవద్దు. పంచాయతీ ఎన్నికలంటే ఏమిటో తెలిసిన మనిషి అన్న మాట అది. అసెంబ్లీ ఎన్నికల్లో గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు ఎక్కడో దూరంగా ఉంటారు. పంచాయతీలో అలా కుదరదు. మీరు ఎవరి ఓటు మీద అభ్యంతరం చెప్పారో ఆ మనిషి మీ వీధిలోనే ఉంటాడు. పొద్దున్నే పాలకేంద్రం దగ్గర ఎదురుపడతాడు. వాళ్ల పిల్లాడు మీ క్లాసులోనే కూర్చుంటాడు. సంఘం మీటింగులో రోజూ మీ పక్కన కూర్చునే ఆవిడ ఆ వారం లేచి అవతలికి వెళ్లిపోతుంది. కాలువ నీళ్ల వంతు వచ్చేసరికి మీవాళ్ల పేరు ఎవరికీ గుర్తుండదు. కర్రలతో కొట్టుకుంటే పేపర్లో పడుతుంది. ఇలాంటివి పడవు. ఊళ్లో మనిషిని వణికించేవి ఎక్కువగా ఇవే.

నేను సర్కారు బడిలో పంతులుగా పనిచేసినన్నాళ్లూ ఎన్నికల డ్యూటీలు చేశాను. వాటిలో పోలింగ్ కేంద్రం మొత్తానికి బాధ్యుడైన ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీలూ ఉన్నాయి. అన్ని ఎన్నికల్లోనూ పంచాయతీ ఎన్నికలకే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉండేది. కాబట్టి మీకు నిద్ర పట్టడం లేదంటే నాకేమీ వింతగా లేదు.

ఇక విశ్వాసం సంగతి. నేను గుడికి వెళ్లే మనిషిని. అయినా చదువుకున్నది మిషన్ స్కూల్లో. అక్కడ చెప్పిన కథల్లో నాకు బాగా గుర్తుండిపోయింది బైబిల్లోని ఎస్తేరు రాణి కథ. మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. రాజు పిలవకుండా ఆయన ఎదుటికి వెళ్తే ప్రాణం పోవచ్చు. తన జనాన్ని కాపాడుకోవాలంటే వెళ్లక తప్పదు. అప్పుడు ఆమె ఏం చేసింది? పట్టణంలో ఉన్న తనవాళ్లందరినీ పోగుచేసి మూడు రోజులు తన కోసం ఉపవాసం ఉండమని కబురు పంపింది. తనూ, తన దాసీలూ ఉపవాసం ఉన్నారు. ఆ తర్వాతే వెళ్లింది. భయం లేని మనిషి అలాంటి కబురు పంపదు కదా. భయపడింది, తోడు అడిగింది, వెళ్లింది. మీ పాస్టర్ గారు మీకు ధైర్యం చెప్పాలనే ఆ మాట అని ఉంటారు. కానీ భయపడ్డ ప్రతి మనిషికీ విశ్వాసం తక్కువని తీర్పు చెబితే ఎస్తేరు కూడా ఆ తీర్పు కిందికే వస్తుంది.

ఫిలిప్పీన్స్‌లో 1986లో జరిగింది కూడా మీకు చెప్పాలి. విశ్వాసం, భయం, ఓటు పెట్టె మూడూ అంత దగ్గరగా కలిసిన సందర్భం నాకు తెలిసి ఇంకొకటి లేదు. మార్కోస్ 1965లో అక్కడ అధ్యక్షుడిగా గెలిచాడు. 1972లో మార్షల్ లా, అంటే సైనిక శాసనం పెట్టి కుర్చీ వదలకుండా కూర్చున్నాడు. ఎన్నికలంటే జనానికి నమ్మకం పోయింది. 1983లో కొంతమంది పౌరులు కలిసి నామ్‌ఫ్రెల్ అనే సంస్థను నడపడం మొదలుపెట్టారు. పోలింగ్ కేంద్రాల దగ్గర కాపలా ఉండటం, ఓట్ల లెక్కను తామే విడిగా వేసుకోవడం దాని పని. 1986 ఫిబ్రవరి 7న మార్కోస్‌కూ ప్రతిపక్షం తరఫున నిలబడ్డ కొరజాన్ అకీనోకూ మధ్య ఎన్నిక జరిగినప్పుడు లక్షల మంది వాలంటీర్లు ఆ పనికి దిగారు. ఇంటిపని చేసుకునే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు, ఆఫీసు ఉద్యోగులు, ఫాదర్లు, సిస్టర్లు అందరూ వచ్చారు. కొన్నిచోట్ల సిస్టర్లు చేతులు కలుపుకుని ఓటు పెట్టెల చుట్టూ వలయంగా నిలబడ్డారు.

వాళ్లకు భయం లేదనుకుంటున్నారా? ఫిబ్రవరి 11న యాంటీక్ అనే ప్రావిన్సులో ఎవెలియో హావియర్ అనే మాజీ గవర్నర్‌ను తరిమి తరిమి కాల్చి చంపారు. ఆయన అక్కడ అకీనో తరఫున పనిచేస్తున్నాడు. ఓట్ల లెక్కింపు జరుగుతున్న భవనం ఎదుటే ఆ దాడి మొదలైంది. అదీ అక్కడి వాతావరణం.

అంతకు రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 9 రాత్రి జరిగింది మీరు శ్రద్ధగా వినాలి. మనీలాలో ప్రభుత్వ ఎన్నికల సంఘం లెక్కింపు కేంద్రంలో కంప్యూటర్ల ముందు కూర్చుని అంకెలు ఎక్కించే ఉద్యోగులు ఉన్నారు. వాళ్లలో చాలామంది యువతులు. తాము ఎక్కిస్తున్న అంకెలు ఒకటి, ఎదురుగా బోర్డు మీద కనిపిస్తున్నవి ఇంకొకటి అని వాళ్లు గమనించారు. ముప్పై మందికి పైగా ఒక్కసారే లేచి, విలేకరులందరూ చూస్తుండగా బయటికి నడిచారు. కొందరు ఏడుస్తూనే నడిచారు. నేరుగా బక్లారన్ చర్చికి వెళ్లి అక్కడ తలదాచుకున్నారు. అప్పటి పార్లమెంటు మార్కోసే గెలిచాడని ప్రకటించింది. మోసంతో దక్కించుకున్న అధికారానికి నైతిక పునాది లేదని బిషప్పులు బహిరంగంగా చెప్పారు. ఫిబ్రవరి 22 నుంచి జనం మనీలాలో ఎడ్సా రోడ్డు మీదికి పోటెత్తారు. 25వ తేదీన మార్కోస్ కుటుంబంతో సహా అధ్యక్ష భవనం వదిలి వెళ్లిపోయాడు.

ఆ ఉద్యోగులు నాయకులు కారు. నెల జీతం మీద బతికేవాళ్లు. వాళ్లకు భయం పోయిందని నేను అనుకోను. ఏడుస్తూ నడిచినవాళ్లకు భయం లేదని ఎలా అంటాం? కానీ ఒంటరిగా లేవలేదు, అందరూ కలిసి లేచారు. బయటికి వచ్చాక ఎక్కడికి వెళ్లాలో కూడా వాళ్లకు ఒక చోటు ఉంది. అందుకే నేను మిమ్మల్ని అడిగేది ‘ధైర్యం ఉందా’ అని కాదు. మీతో ఎవరు కూర్చుంటున్నారు, సాయంత్రం అయ్యాక ఎవరింటికి వెళ్తారు? ఈ రెండింటికీ పేర్లు చెప్పగలిగితే కూర్చోండి.

ఆ పేర్లలో మొదటిది మీ మామయ్యగారిదే కావాలని నా కోరిక. ఆయన సంతోషంగా ఒప్పుకోనక్కర్లేదు. మధ్యాహ్నం మీ అన్నం క్యారియర్ తెచ్చి గేటు దగ్గర ఇచ్చే పని ఆయనకు అప్పగించండి. ఆ ఇంటి పెద్ద కోడలి వెనక ఉన్నాడని ఊరంతా చూస్తుంది. అది పోలీసు బందోబస్తు కంటే ఎక్కువ పనిచేస్తుంది.

అసలు ఏజెంటు చేసే పని ఏమిటో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. ఊహించుకుంటే అది పెద్ద యుద్ధంలా కనిపిస్తుంది. నిజానికి అది స్కూల్లో హాజరు వేయడం లాంటి పని. పోలింగ్ మొదలయ్యే ముందు ఖాళీ పెట్టె తెరిచి ఏజెంట్లకు చూపిస్తారు. చెయ్యి పెట్టి చూస్తామని అడగవచ్చు, మొహమాటపడకండి. తర్వాత పెట్టెకు పేపర్ సీల్ వేస్తారు. దాని మీద మీ సంతకం తీసుకుంటారు, ఆ సీల్ నంబరు మీ కాగితం మీద రాసుకోండి. బ్యాలెట్ పేపర్ల వరస నంబర్లు ఎక్కడ మొదలయ్యాయో రాసుకోండి. పోలింగ్ ముగిశాక ఎక్కడ ఆగాయో రాసుకోండి. ఈ రెండు నంబర్లు మీ దగ్గర ఉంటే పెట్టెలో ఎన్ని కాగితాలు ఉండాలో మీకు దాదాపుగా తెలుస్తుంది. పంచాయతీ ఓట్లు ఆ రోజే అక్కడే లెక్కపెడతారు కాబట్టి తేడా ఉంటే అప్పుడే బయటపడుతుంది. లెక్కింపు దగ్గర కూర్చోవాలంటే అభ్యర్థి దానికి విడిగా నియామక పత్రం ఇవ్వాలి, అది ముందే రాయించుకోండి. మళ్లీ లెక్కించమని అడగాలంటే ఫలితం ప్రకటించక ముందే, అదీ కాగితం మీద రాసి అడగాలి. ప్రకటించేశాక ఎంత అరిచినా అక్కడ వినేవాళ్లు ఉండరు, కోర్టు మెట్లెక్కాల్సిందే.

ఇక మిగతాదంతా మనుషుల్ని గుర్తుపట్టడం. ఏజెంటుగా ఊరివాళ్లను పెట్టేది అందుకే. వచ్చిన డ్యూటీవాళ్లకు రమణమ్మ ఎవరో, ఆమె తోడికోడలు ఎవరో తెలియదు. మీకు తెలుసు. ఒకరి పేరు మీద ఇంకొకరు వస్తే ‘ఈమె ఆమె కాదు’ అని ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు చెప్పాలి. దాన్ని ఛాలెంజ్ చేయడం అంటారు. కొద్దిపాటి రుసుము కట్టమంటారు, చిల్లర దగ్గర పెట్టుకోండి. ఆయన విచారించి తేలుస్తాడు. మీరు ఆ మనిషితో వాదించకండి, చెయ్యి పట్టుకోకండి. ఓటు ఎవరికి వేస్తున్నారో తొంగి చూడటం నేరం, మీవాళ్లు చూడమన్నా చూడకండి. ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లండి. ప్రభుత్వ ఉద్యోగులు ఏజెంట్లుగా కూర్చోకూడదు. ప్రైవేటు స్కూలు టీచర్‌కు ఆ అడ్డు లేదు. కానీ సంఘంలో గౌరవ వేతనం తీసుకునే బాధ్యత ఏదైనా మీకుంటే ముందే ఎంపీడీవో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

గొడవ జరిగితే? మీరు పక్కకు తప్పుకోండి. పెట్టెకు అడ్డం పడటం మీ పని కాదు, పిల్లలున్న తల్లి మీరు. పెట్టె పగిలితే రీపోలింగ్ పెట్టే వీలుంది. 2019లో చంద్రగిరి నియోజకవర్గంలో కొన్ని పల్లెల్లో దళితులను ఓటు వేయనివ్వలేదన్న ఫిర్యాదుల మీద ఎన్నికల సంఘం అక్కడి కేంద్రాల్లో మే 19న మళ్లీ పోలింగ్ పెట్టింది. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గంలో పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యం మీరూ చూసే ఉంటారు, మీ జిల్లాయే కదా. పోలింగ్‌ను నేరుగా అధికారులకు చూపించే వెబ్ క్యాస్టింగ్ కెమెరా ఉండబట్టి అది దాచినా దాగలేదు. మీ ఊళ్లో అలాంటి భయం నిజంగా ఉందనిపిస్తే ఇప్పుడే మీ అక్క చేత ఎన్నిక నిర్వహించే రిటర్నింగ్ ఆఫీసర్‌కూ పోలీసులకూ అర్జీ పెట్టించండి, సమస్యాత్మక కేంద్రంగా గుర్తించమని, కెమెరా పెట్టమని అడగండి. ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోండి. అర్జీ మీద అయిదారుగురు సంతకాలు పెడితే ఇంకా మంచిది.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా మనసు దీని చుట్టూనే తిరుగుతోంది.

ఒకసారి నేను ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా ఉన్న కేంద్రానికి మధ్యాహ్నం దాటాక ఒక ముసలావిడ వచ్చింది. ఎండలో చాలా దూరం నడిచి వచ్చింది, కొంగు ముడిలో ఓటరు స్లిప్పు భద్రంగా కట్టుకుంది. జాబితాలో చూస్తే ఆమె ఓటు పొద్దున్నే పడిపోయింది. ఆ పేరు మీద ఇంకెవరో వచ్చి సిరా పూయించుకుని వెళ్లిపోయారు. విచారిస్తే ఆమె అసలు మనిషే. అలాంటప్పుడు టెండర్ ఓటు ఇస్తారు. బ్యాలెట్ ఇస్తారు గానీ దాన్ని పెట్టెలో వేయనివ్వరు, విడిగా కవర్‌లో పెడతారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. ఆవిడ ముద్ర వేసి, మడిచి, నా చేతికిస్తూ ‘అయ్యా, ఇది పెట్టెలో వెయ్యవా?’ అని అడిగింది. నిబంధన చెప్పాను. ఆమెకు నిబంధన అక్కర్లేదు, పెట్టె కావాలి. దాని వంకే చూస్తూ నిలబడింది.

అప్పుడు అక్కడ ఏజెంట్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఆ ఊరివాళ్లే, ఇద్దరికీ ఆవిడ తెలుసు. పొద్దున దొంగ ఓటు పడినప్పుడు ఇద్దరూ నోరు మెదపలేదు. ఒకడు అవతలివాళ్లకు భయపడి ఊరుకున్నాడు. రెండోవాడు, ఆ దొంగ ఓటు తనవాళ్లకే పడుతుందని ఊరుకున్నాడు. మొదటివాడి మీద నాకు కోపం లేదు. రెండోవాడిని తలచుకుంటే ఇప్పటికీ మనసు కుదుటపడదు. అతనికి ఏ భయమూ లేదు. నోరు తెరిస్తే చాలు, ఆ ముసలావిడ ఓటు పెట్టెలో పడేది.

అందుకే అంటున్నాను అమ్మా, మీకు అసలు పరీక్ష అవతలివాళ్ల నుంచి రాదు. మీ పేటవాళ్ల నుంచే వస్తుంది. మీ అక్క తరఫున ఎవరైనా చనిపోయినవాళ్ల ఓటో, హైదరాబాద్‌లో పనికి పోయినవాళ్ల ఓటో వేయడానికి వచ్చి, మీ వంక చూసి కళ్లతో సైగ చేస్తారు. ఆ క్షణంలో ‘ఈమె ఆమె కాదు’ అని మీరు చెప్పగలరా? మీ విశ్వాసం అక్కరకొచ్చేది అక్కడే. గెలిపించమని దేవుణ్ణి అడగడం తేలిక. మావాళ్లు తప్పు చేస్తుంటే నా నోరు మూతపడకుండా చూడు అని అడగండి.

ఈ రోజే మీ అక్కను కూర్చోబెట్టి సూటిగా అడగండి: ‘నువ్వు డబ్బు పంచుతున్నావా? మనవాళ్లు దొంగ ఓటు వేయడానికి వస్తే నేను ఆపుతాను, నీకు ఇష్టమేనా?’ ఓటుకు డబ్బు ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే, ఆ సంగతి ఆమెకు తెలియనిదేమీ కాదు. ఆమె తడబడితే, ‘అవతలివాళ్లు పంచుతుంటే మనం చేతులు కట్టుకు కూర్చోవాలా’ అంటే, ఆమె ఏజెంటుగా మీరు కూర్చోవద్దు. ‘ఒక్క రూపాయి పంచను, నువ్వు ఎవరిని ఆపినా నా అభ్యంతరం లేదు’ అంటే కూర్చోండి. ఓడినా పరవాలేదు, అలాంటి మనిషి కోసం కూర్చున్నానన్న మాట మీకు మిగులుతుంది. ఒకవేళ కూర్చున్నాక, పోలింగ్ రోజునే డబ్బు సంగతి తెలిస్తే మాత్రం మధ్యలో లేచి రాకండి. డబ్బు తీసుకున్నవాళ్ల ఓటుకూ, తీసుకోనివాళ్ల ఓటుకూ ఆ పెట్టె దగ్గర కాపలా కావాలి. ఆ కాపలా మీ అక్క కోసం కాదు, ఊరి కోసం.

ఏకగ్రీవం మంచిదేనని మీ పెద్దలు చెబుతారు. ఎవరూ బలవంతపెట్టకుండా అందరూ ఒక మాట మీదికి వస్తే మంచిదే, ప్రభుత్వం కూడా అలాంటి పంచాయతీలకు ప్రోత్సాహకం ఇస్తుంది. రిజర్వ్ అయిన పదవికి ఎవరు ఉండాలో ఆ పదవితో సంబంధం లేని నలుగురు రచ్చబండ మీద తేల్చేస్తే దాన్ని ఏకగ్రీవం అనలేం. నామినేషన్ వేసే హక్కు మీ అక్కకు ఉంది. అది వెనక్కి తీసుకోమని ఎవరైనా బెదిరిస్తే అదీ అర్జీలో రాయాల్సిన సంగతే.

పాస్టర్ గారితో కూడా ఒక మాట మాట్లాడండి. ప్రార్థనలో అభ్యర్థుల పేర్లు రాకుండా చూడమని వినయంగా చెప్పండి. గుడి, మసీదు, చర్చి ఏదైనా ప్రచారానికి వాడకూడదని ఎన్నికల నియమావళి చెబుతుంది. ఇంకా పెద్ద కారణం ఉంది. ఎన్నిక అయిపోయాక రెండు పక్కల వాళ్లూ మళ్లీ అదే చర్చిలో పక్కపక్కన మోకరించాలి. మీ మాట వినేందుకు, రేపు మీకు ముఖం చాటేసినవాళ్లతో రాజీ కుదిర్చేందుకు ఆయన మిగలాలంటే ఇప్పుడు ఏ పక్షమూ పట్టకూడదు. ఆయన చేయగలిగిన సాయం ఇంకొకటి ఉంది: మీరు కూర్చున్న రోజు మీ పిల్లల్ని సాయంత్రం దాకా వాళ్లింట్లో ఉంచుకోమనండి.

ఇవన్నీ ఆలోచించాక కూడా మీకు కాళ్లు ఆడకపోతే కూర్చోకండి. అందులో పాపం లేదు. మీ ఆయన ఉద్యోగమో, ఇంటి అద్దో, అప్పో అవతలివాళ్ల చేతిలో ఉంటే కూర్చోవద్దనే నేనూ చెబుతాను. ఇప్పటి నుంచే ఓటరు జాబితా పట్టుకుని మీ పేటలో ఇంటింటికీ తిరగండి. ఎవరి పేరు ఎగిరిపోయింది, ఎవరు చనిపోయినా పేరు అలాగే ఉంది అన్నది రాసి అధికారులకు ఇవ్వండి. దొంగ ఓట్లకు దారి అక్కడే మొదలవుతుంది. నడవలేని ముసలివాళ్లను ఆ రోజు పొద్దున్నే, ఇంకెవరూ వాళ్ల పేరు మీద రాకముందే కేంద్రానికి చేర్చే ఏర్పాటు చేయండి. ఇదీ ఎన్నిక నిజాయితీగా జరగడానికి పనికొచ్చే పనే, కుర్చీలో కూర్చోవడం కంటే తక్కువేమీ కాదు.

ఏ నిర్ణయమైనా మీ అక్కకు ఈ వారంలోనే చెప్పేయండి. మీరు కాదంటే ఆమె ఇంకొకరిని వెతుక్కోవాలి, ఆ ఇంకొకరికి కూడా మీలాగే నాలుగు రాత్రులు ఆలోచించుకునే టైమ్ కావాలి.